త్యాగరాజస్వామి ఇల్లాలు కమలాంబ

ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, సంగీత విద్వాంసులు వందల సంఖ్యలో బారులు తీరి కూర్చుండి పంచరత్న కీర్తనలు ఏకకంఠంతో పాడతారు. పాడేవారిలో పెక్కుమందికి తెలుగు ఇంటిభాష కాదు. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు సాహిత్యాన్ని తమ తమ లిపులలో వ్రాసికొని, భక్తితో నేర్చుకొని పాడతారు. పాట మాత్రం తెలుగు. ఆ దృశ్యం చూచినప్పుడు మనవంటి ప్రవాసాంధ్రుల గుండె ఉప్పొంగడం సహజమే.

ఆ ఉప్పొంగు తగ్గిన తరువాత ఒక ప్రశ్న మిగులుతుంది. తెలుగుగడ్డకు అంతదూరాన, తమిళుల నడుమ తరతరాలుగా కాపురమున్న ఒక ఇంటిలో అంత జీవమున్న తెలుగు ఎట్లా నిలిచినది? త్యాగయ్య తెలుగు నిఘంటువు ముందు పెట్టుకొని నేర్చిన తెలుగు కాదు. పిల్లవాడిని బుజ్జగించే తెలుగు, అలిగి దెప్పిపొడిచే తెలుగు, పొరుగువారితో సామెత వేసి మాట్లాడే తెలుగు. అటువంటి భాష పాఠశాలలో పుట్టదు, ఇంటిలో పుడుతుంది. ఇంటిని గురించి మాట్లాడవలసి వస్తే ఇల్లాలిని గురించి మాట్లాడక తప్పదు. త్యాగరాజస్వామిని గురించి మన భాషలోనూ ఇతర భాషలలోనూ ఎన్నో గ్రంథాలు వచ్చినవి. ఆయనతో సుమారు అర్ధశతాబ్దం కాపురం చేసిన కమలాంబకు ఆ గ్రంథాలలో దక్కింది కొన్ని వాక్యాలే. ఆ వాక్యాలను ఆనాటి కాలం నడుమ ఉంచి, ఈ పండుగపూట ఆ ఇల్లాలిని ఒకసారి తలచుకొందాము.

తంజావూరు సీమకు తెలుగువారు ఒక్కనాడు వచ్చినవారు కారు. విజయనగరపు ప్రభువుల ప్రతినిధులుగా నాయకరాజులు 1532 ప్రాంతంలో అక్కడ పాలన ప్రారంభించారు. వారి వెంట సైనికులు, పండితులు, వైదికులు, వ్యవసాయదారులు కాపురాలు కదల్చుకొని వచ్చారు. 1673లో నాయకుల ఏలుబడి ముగిసి మరాఠాలు వచ్చినా తెలుగుకు ఆదరం తగ్గలేదు. మరాఠా ప్రభువైన శాహాజీ స్వయంగా తెలుగులో యక్షగానాలు వ్రాశాడు. ఆ ఆస్థానాలలో స్త్రీలు కూడా కవయిత్రులై పేరుపొందారు. రఘునాథ నాయకుని కొలువులో రామభద్రాంబ, మధురవాణి, విజయరాఘవుని కొలువులో రంగాజమ్మ, ప్రతాపసింహుని కాలంలో ముద్దుపళని తమ గ్రంథాలతో చరిత్రకెక్కారు. కొలువులోని స్త్రీలకు గ్రంథాలున్నవి. అగ్రహారంలోని ఇల్లాండ్రకు గ్రంథాలు లేవు. వారు నిలిపిన ఇండ్లే వారి గ్రంథాలు.

త్యాగయ్య వంశం కాకర్లవారిది. మురికినాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబం. మార్కాపురం ప్రాంతంలోని కాకర్ల గ్రామం నుండి వారి పూర్వులు దక్షిణానికి తరలి వచ్చారని పరిశోధకులు చెబుతారు. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. 1767 మే 4వ తేదీన తిరువారూరులో త్యాగయ్య జన్మించాడు. తరువాత ఆ కుటుంబం పంచనద క్షేత్రమైన తిరువయ్యారు చేరి, తిరుమంజన వీధిలో కాపురమున్నది. తల్లి సీతమ్మ నోటినుండి పురందరదాసు, రామదాసుల పాటలు విని కుమారుడు నేర్చుకొన్నాడని సంప్రదాయం. శొంఠి వేంకటరమణయ్యగారి శిష్యరికం దాని తరువాతి మాట. మొదటి పాఠం ఇంటిలోనే జరిగినదన్నమాట.

పదునెనిమిదేండ్ల వయసులో త్యాగయ్యకు పార్వతి అనే కన్యతో వివాహమైనదని జీవితకారులు వ్రాశారు. కొన్ని ఏండ్లకే ఆమె సంతానం లేకుండా గతించినది. తరువాత ఆమె చెల్లెలు కమలాంబనే ఇచ్చి వివాహం చేశారు. అక్క పోయిన ఇంటికి చెల్లెలిని పంపడం ఆ రోజులలో అరుదు కాదు. మనలో పెద్దవయసువారు తమ ఇండ్లలోనే అటువంటి సంబంధాలు చూచి ఉంటారు. వియ్యం తెగిపోకూడదని పెద్దలు అనుకొనేవారు. పిల్ల మాత్రం అక్క కూర్చున్న పీటమీద కూర్చుని, అక్క వెలిగించిన దీపం వెలిగించవలసి వచ్చేది. కమలాంబ కాపురం ఆ విధంగా ప్రారంభమైనది.

ఆనాటి తంజావూరు సుఖంగా లేదు. 1781లో హైదరాలీ సైన్యాలు ఆ సీమమీద పడి పంటలను, ఊళ్ళను నాశనం చేసినవి. జనం చెదరిపోయారు, కరవు వచ్చినది. 1799లో రెండవ శరభోజి రాజ్యపాలనను ఇంగ్లీషు కుంఫిణీవారికి అప్పగించి తంజావూరు కోటకు పరిమితుడైనాడు. రాజులు ఇచ్చిన మాన్యాలమీద బ్రతికే వైదిక కుటుంబాలకు అది పరీక్షాకాలం. చాలామంది విద్వాంసులు ఇంకా మిగిలియున్న ఆస్థానాలను వెదకుకొంటూ పోయారు. త్యాగయ్య పోలేదు. తండ్రిగారి నుండి వచ్చిన శ్రీరామ పంచాయతనాన్ని పూజిస్తూ, ఉంఛవృత్తిని జీవనోపాధిగా పెట్టుకొన్నాడు.

ఉంఛవృత్తి అంటే ఈ కాలం పిల్లలకు చెప్పవలసి ఉంటుంది. చేత తంబుర, భుజాన అక్షయపాత్ర వంటి చెంబు. భగవన్నామ కీర్తనలు పాడుకొంటూ వీధిలో నడవాలి. గృహస్థులు తమంతట తాము పిడికెడు బియ్యం తెచ్చి ఆ చెంబులో వేస్తారు. ఎవరినీ యాచించకూడదు, రేపటికని దాచకూడదు. వీధిలో జరిగే ఈ సగం మనకు చిత్రపటాలలో కనిపిస్తుంది. చెంబు ఇంటికి వచ్చిన తరువాతి సగాన్ని ఏ చిత్రకారుడూ వేయలేదు. ఆ బియ్యాన్ని చేటలో పోసి, చెరిగి, ఏరి, ఎసట పోసి, ముందు రామునికి నివేదన చేసి, తరువాత శిష్యులకు, అతిథులకు, భర్తకు వడ్డించి, మిగిలినది తాను తినవలసింది ఇల్లాలు. వీధివీధి బియ్యం ఒక చెంబులో కలిసినప్పుడు సన్నమూ ముతకా కలిసే వస్తుంది. రెండూ ఒకేసారి ఉడకవు. ఈ సంగతి వంట చేసినవారికి తెలుసు.

ఈ ఇంటిని గురించి భక్తులు చెప్పుకొనే ఒక కథ ఉన్నది. ఒకనాటి సాయంకాలం ఒక వృద్ధ దంపతులు, వారితో ఒక సేవకుడు ఆ ఇంటికి వచ్చి ఆతిథ్యం కోరారట. ఇంటిలో గింజ లేదు. త్యాగయ్య భార్యతో పొరుగింటికి పోయి బదులు తెమ్మని చెప్పాడు. ఆమె పాత్ర చేతపట్టి గడప దాటబోతుండగా వృద్ధుడు ఆపి, తమ వెంట తెచ్చుకొన్నవి ఉన్నవని చెప్పి వంటకు ఇచ్చాడు. అందరూ భోజనం చేసి, రాత్రి చాలసేపు భజన చేశారు. తెల్లవారి వారు వెడలిపోగా, కొంతదూరంలో త్యాగయ్య కంటికి సీతారాములుగా, ఆంజనేయుడుగా కనిపించారనీ, అప్పుడు మోహనరాగంలో ‘భవనుత’ కీర్తన పాడాడనీ కథ. కథను నమ్మేవారు నమ్మవచ్చు, నమ్మనివారు మానవచ్చు. మనం చూడవలసినది వేరొకటి. భక్తుల జ్ఞాపకంలో ఆ ఇల్లాలు నిలిచిన తీరు అది. పాత్ర చేతబట్టి, అతిథికోసం బదులుకు బయలుదేరిన రూపం. ఆమె నోట విసుగుమాట ఒక్కటి కూడా ఆ కథ చెప్పినవారు పెట్టలేదు.

శరభోజి ఆస్థానంనుండి పిలుపు వచ్చిందనీ, త్యాగయ్య దానిని కాదని కల్యాణి రాగంలో ‘నిధి చాల సుఖమా’ పాడాడనీ అందరమూ ఎరుగుదుము. సంగీతసభలలో ఆ కీర్తన విని తలలూపుతాము. రాజు పంపిన కానుకలను తిప్పి పంపడం గొప్పపని. ఆ మరునాడు పొయ్యి వెలిగించడం కూడా గొప్పపనే. అన్నగారైన జపేశునికి ఈ తిరస్కారం నచ్చలేదనీ, ఇంటిలో కలతలు పెరిగి పూజావిగ్రహాలు కావేరిపాలైనవనీ, మళ్ళీ దొరికినవనీ చెబుతారు. అన్నవల్ల కలిగిన బాధను కాపి రాగంలోని ఒక కీర్తనలో త్యాగయ్య రాముని ఎదుటనే మొరపెట్టుకొన్నాడు. దాయాదుల పోరు ఉన్న ఇంటిలో కోడలి బ్రతుకు ఎట్లా ఉంటుందో మన ఆడవారికి విప్పి చెప్పనక్కరలేదు. భర్తకు మొర చెప్పుకొనడానికి పాట ఉన్నది. ఆమెకు పని ఉన్నది.

ఇక శిష్యులు. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు, తంజావూరు రామారావు, మానంబుచావడి వేంకటసుబ్బయ్య, తిరువొత్తియూరు వీణ కుప్పయ్య, ఉమయాళ్పురం కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు - ఇట్లా ఎందరో ఆ ఇంటి అరుగుమీద కూర్చుండి నేర్చుకొన్నవారే. కేరళం నుండి షట్కాల గోవింద మారార్ వంటి మహావిద్వాంసులు చూడవచ్చారు. గురుకులం అంటే గురువు పాఠం మాత్రమే కాదు. గురుపత్ని పెట్టిన అన్నం కూడా. వీరిలో వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రుడు, ఉమయాళ్పురంవారు తమిళులు, మారార్ మలయాళి. తెలుగు ఎరుగని ఇండ్లలో పుట్టినవారికి ఆ ఇంటిలో తెలుగు పాటలో మాత్రమే కాదు, ‘ఇంకొంచెము వేసికొనుము, నాయనా’ అనే మాటలో కూడా వినబడి ఉండాలి. భాష నేర్చుకొనడానికి అంతకంటె మంచి పాఠశాల ఉన్నదా?

త్యాగయ్య రచనలను ఈ దృష్టితో తిరిగి చూస్తే ఆ ఇల్లు మనకు ప్రత్యక్షమవుతుంది. ఆయన ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఒక తెలుగింటి దినచర్యలాగా ఉంటవి. తెల్లవారి రాముని మేలుకొలపాలి. ఆరగింపుమని బ్రతిమాలాలి, దానికి తోడి. తాంబూలం అందించాలి, దానికి ఖరహరప్రియ. ఉయ్యాల ఊపాలి, దానికి నీలాంబరి. చివరకు పవ్వళింపు. ఆ రాముడు అయోధ్య కొలువుకూటంలోని చక్రవర్తివలె కాక, పెరటిబావి, వంటిల్లు, నడవలో ఊయల ఉన్న ఇంటిలో గారాబంగా పెరిగే బిడ్డవలె కనిపిస్తాడు. ‘సీతా కల్యాణ వైభోగమే’ ఈనాటికీ దక్షిణదేశపు పెండ్లిపందిళ్ళలో స్త్రీలు పాడుకొంటారు. తెలుగువారి ఇంట మాత్రమే కాదు, తమిళుల ఇంట కూడా.

ఆయన ‘నౌకాచరిత్రము’ అనే యక్షగానం వ్రాశాడు. గోపికలు కృష్ణునితో యమునలో నావ ఎక్కడం, తమవల్లనే నావ నడుస్తున్నదని గర్వపడడం, తుఫాను రావడం, నావకు చిల్లిపడడం, చివరకు గర్వం అణగి శరణు వేడడం - ఇది భాగవతంలో లేని కథ. నాటకమంతా ఆడవారి మాటలే. వారి ఎత్తిపొడుపులు, బింకాలు, భయాలు, బుజ్జగింపులు. మాటకు మాట తగిలే ఆ తెలుగు త్యాగయ్యకు ఏ పుస్తకంలో దొరుకుతుంది? తిరువయ్యారు వీధులలో వినబడేది తమిళం. తెలుగు ఆడవారి మాట ఆయన చెవిని పడవలసింది ఇంటిలోనే - మొదట తల్లి నోట, తరువాత ఇల్లాలి నోట, ఆ తరువాత కూతురి నోట. ఇది నా ఊహ. ఐనా, ఆ నాటకం చదివినవారికి ఇది అసంగతంగా తోచదనుకొంటాను.

కమలాంబకు ఒక్క కుమార్తె, సీతాలక్ష్మి. ఆమె వివాహానికి శిష్యుడు వేంకటరమణ భాగవతులు శ్రీరాముని పటం ఒకటి తలమీద పెట్టుకొని నడిచివచ్చి గురువుగారికి సమర్పించాడనీ, దానిని చూచి పరవశుడై త్యాగయ్య మోహనరాగంలో ‘నను పాలింప’ పాడాడనీ సంప్రదాయం. బీద ఇంటి పెండ్లి. వచ్చిన కానుకలలో ఎల్లకాలం నిలిచింది ఆ పాట ఒక్కటే.

ఇల్లాలిని, సంసారాన్ని గురించి త్యాగయ్య ఏమన్నాడు? ‘దుడుకుగల’ వంటి కీర్తనలలో ఆలుబిడ్డలకోసం, ధనంకోసం కాలమంతా వృథా చేసికొన్న జీవుని వేదన కనిపిస్తుంది. అది మన వైరాగ్య వాఙ్మయంలో అనాదిగా వస్తున్న ధోరణి. దానిని పట్టుకొని ఆయనకు సంసారమంటే ఏవగింపు అనుకొంటే పొరపాటు. సావేరిలోని ‘సంసారులైతే’ కీర్తనలో ఆయన తీర్పు వేరు. ఎదుట భగవంతుడు ఉంటే గృహస్థులైతే మాత్రం తక్కువేమని ఆయన ప్రశ్న. ఆలుబిడ్డలు, బంధువులు అందరూ భాగవతులై పూజలో కలిసివచ్చే ఇంటిని ఆయన అందులో చిత్రించాడు. అటువంటి ఇంటిని ఆయన కలలో చూచి వ్రాసినాడని ఎందుకనుకోవాలి? తన ఇంటినే చూచి వ్రాసి ఉండవచ్చును గదా.

కాంభోజిలోని ‘మా జానకి’ కీర్తన మరీ విశేషమైనది. అందులో త్యాగయ్య పెండ్లికూతురి పక్షంవాడై రాముని నిలవేస్తాడు. నీవు గొప్ప రాజువైనది మా జానకి చేయి పట్టినందువల్లనే అంటాడు. ఆమె అడవికి వెంట వచ్చినది. రావణుని తన చూపుతోనే భస్మం చేయగలిగి ఉండికూడా, ఆ కీర్తి నీకు దక్కాలని అశోకవృక్షం క్రింద ఓర్చుకొని కూర్చున్నది. నీ కీర్తి ఆమె ఇచ్చినదని సారాంశం. నాయకుని ప్రతిష్ఠ వెనుక ఇల్లాలి ఓర్పు ఉన్నదని, చేతనై ఉండీ తాను వెనుక నిలబడడం ఆమె గొప్పతనమని చెప్పిన కవి, ఆ సంగతిని రామాయణంలో మాత్రమే కనిపెట్టి తన ఇంటిలో గమనించలేదనడానికి నాకు మనసొప్పదు.

1839 ప్రాంతంలో, డెబ్బది ఏండ్లు దాటిన వయసులో, త్యాగయ్య యాత్రకు బయలుదేరాడు. కాంచీపురం, తిరుమల, చెన్నపట్నం దాపున కోవూరు, తిరువొత్తియూరు, శ్రీరంగం, లాల్గుడి క్షేత్రాలను సేవించి, పలుచోట్ల పంచరత్నాలు రచించాడు. శిష్యులు ఘనంగా గౌరవించారు. ఆ యాత్ర తరువాత కొన్ని ఏండ్లకు, 1845లో కమలాంబ కన్నుమూసినది.

ఆ తరువాత త్యాగయ్య ఎక్కువకాలం లేడు. దేహం చాలించడానికి కొద్దిదినాల ముందు సన్న్యాసం స్వీకరించి, 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందాడు. జీవితమంతా నిధిని, రాజసన్మానాన్ని, నరస్తుతిని వదలుకొన్న మహానుభావుడు, ఇల్లాలు ఉన్నంతకాలం గృహస్థాశ్రమాన్ని మాత్రం వదలలేదు. కాషాయం ధరించింది ఆమె పోయిన తరువాతనే. ఆయన జీవితంలో ఆమె స్థానమెంతటిదో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

కుమార్తె సీతాలక్ష్మికి ఒక కుమారుడు పుట్టాడు. తాతగారి పేరే పెట్టారు. అతడు సంతానం లేకుండానే గతించడంతో త్యాగయ్య, కమలాంబల సంతతి అంతటితో ముగిసినది. ఇంటిభాషగా ఆ తెలుగును అందుకొనేవారు ఆ రక్తంలో మిగులలేదు. కాని ఆ ఇంట అన్నం తిన్న శిష్యులు మిగిలారు. వాలాజాపేటవారు వ్రాతప్రతులలో, ఉమయాళ్పురం, తిల్లైస్థానం సంప్రదాయాలవారు పాఠాంతరాలలో ఆ కీర్తనలను కాపాడారు. నేడు మనకు దొరుకుతున్న ఏడువందల చిల్లర కీర్తనలు వారి భిక్షయే.

ఈ కథలో చివరిమాట కూడా ఒక స్త్రీదే కావడం విశేషం. కావేరి ఒడ్డున స్వామి సమాధి శిథిలమై ఉన్నదని తన గురువు బిడారం కృష్ణప్పగారి వల్ల విని, బెంగుళూరు నాగరత్నమ్మగారు కదలివచ్చారు. మైసూరు సీమలో 1878లో పుట్టిన ఆమె, ముద్దుపళని కావ్యాన్ని 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషీమణి. తన కష్టార్జితాన్ని వెచ్చించి 1921లో పని ప్రారంభించి, 1926 నాటికి సమాధిమీద ఆలయం నిలిపినది. అప్పుడు ఆరాధనలో స్త్రీలు పాడడానికి వీలు లేదు. ఆమె స్త్రీలచేత వేరుగా ఆరాధన జరిపించినది. 1940 ప్రాంతంలో పక్షాలన్నీ ఏకమై, స్త్రీ పురుషులు కలిసి పాడడం మొదలైనది. 1952లో ఆమె గతించినప్పుడు స్వామి సన్నిధికి ఎదురుగానే ఆమెకు సమాధి కట్టారు. స్వామి ఇంట దీపం పెట్టింది ఒక స్త్రీ. ఆయన సమాధిమీద దీపం పెట్టింది మరొక స్త్రీ.

మనమూ కాకర్లవారివంటి వారమే. మన పెద్దలు ఏ కరవుకో, ఏ కొలువుకో, ఏ వ్యాపారానికో ఊరు వదలి వచ్చారు. వీధిలో మనది తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియాయో అయినది. అది తప్పు కాదు. అన్నం పెట్టిన నేల భాష మాట్లాడడం మర్యాద. కాని గడప లోపల ఏ భాష వినబడుతున్నదో మనలో ప్రతి ఇంటివారూ ఆలోచించవలసిన సంగతి. సంఘాలు ఉగాదికి కవిసమ్మేళనం పెట్టగలవు, బాలబాలికలకు బహుమతులు ఇయ్యగలవు. బిడ్డకు జోలపాట ఏ భాషలో పాడాలో సంఘం తీర్మానం చేయజాలదు. అది తల్లి, తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ కలిసి చేయవలసిన తీర్మానం.

ఈ ఉగాదినాడు వేపపువ్వు పచ్చడి కలిపేటప్పుడు తిరుమంజన వీధిలోని ఆ వంటింటిని ఒక్క నిమిషం తలచుకొందాము. వీధివీధి బియ్యం ఏరి వండి, పరభాషల నడుమ తెలుగింటిని నిలిపిన కమలాంబ కీర్తన ఒక్కటీ వ్రాయలేదు. పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, పచ్చడి చేతిలో పెడుతూ, ఆమె పేరు ఒకసారి తెలుగులో చెప్పండి.